అర్బాబ్ (ఒమన్)

ఒమన్‌లోను, తక్కిన గల్ఫ్ దేశాల్లోను పనిచేసే దక్షిణాసియా కార్మికులు తమ యజమానిని పిలిచే మాట అర్బాబ్. వీసా ఇచ్చేవాడు, పని చెప్పేవాడు, జీతం ఇచ్చేవాడు, చాలాచోట్ల పడుకోవడానికి గది చూపించేవాడు కూడా ఒకే స్థానికుడైనప్పుడు ఆ మొత్తం అధికారానికి కార్మికులు పెట్టుకున్న పేరు ఇది. ఇంగ్లీషువారి వ్యవహారంలోని ‘బాస్’కు దగ్గరి మాట. కాని దాని బరువు వేరు. బాస్‌తో పడకపోతే ఉద్యోగం పోతుంది. పాత పద్ధతిలో అర్బాబ్‌తో పడకపోతే ఆ దేశంలో ఉండే హక్కే పోయేది.

ఒమన్ కార్మిక చట్టంలో అర్బాబ్ అన్న మాట లేదు. చట్టం వాడే పేరు ‘సాహిబ్ అల్ అమల్’, అంటే పని యజమాని. పూచీదారు అనే అర్థంలో వాడుకలో ఉన్న పేరు ‘కఫీల్’. అర్బాబ్ మాత్రం నిర్మాణ స్థలాల్లో, ఖర్జూర తోటల్లో, దుకాణాల్లో, వంటిళ్లలో నోటి మాటగా పెరిగింది. గత యాభై ఏళ్లలో గల్ఫ్ యజమాని చేతిలోకి ఏయే అధికారాలు చేరాయో, వాటిలో ఏవి చేజారాయో ఈ మాట చరిత్రలో చూడవచ్చు.

వ్యుత్పత్తి

అరబ్బీలో ‘రబ్’ అంటే ప్రభువు, పోషకుడు, యజమాని. దానికి బహువచనం ‘అర్బాబ్’. ఏ విశేషణమూ లేకుండా ‘అర్రబ్’ అంటే దేవుడే. మనిషికి వాడేటప్పుడు పక్కన మరో మాట చేరాలి. ‘రబ్ అల్ బైత్’ అంటే ఇంటి యజమాని, ‘రబ్ అల్ అమల్’ అంటే పని యజమాని.

మనిషిని ప్రభువనడం విషయంలో ఇస్లాం సంప్రదాయంలో మొదటినుంచీ జంకు ఉంది. బానిస తన యజమానిని ‘నా రబ్’ అనకూడదని, ‘సయ్యిదీ’ అనో ‘మౌలాయ్’ అనో పిలవాలని చెప్పే హదీసు బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఉంది. యజమాని కూడా ‘నా బానిస’ అనకుండా మరో మాట వాడాలని అదే చోట బోధ. ఖురాన్‌లో యూసుఫ్ పేరిట ఉన్న 12వ అధ్యాయంలో, వేర్వేరు ప్రభువులు మేలా, ఒక్క దేవుడు మేలా అని యూసుఫ్ తన తోటి ఖైదీలను అడిగే సందర్భంలో ‘అర్బాబ్’ అనే బహువచన రూపమే వస్తుంది. చదువుకున్న అరబ్బుకు ఒక్క మనిషిని అర్బాబ్ అనడం రెండు విధాల వింతగా తోస్తుంది: బహువచనాన్ని ఏకవచనంగా వాడటం ఒకటి, దేవుడికి చెందిన మాటను మనిషికి తగిలించడం రెండోది.

పర్షియన్ దారి

బహువచనాన్ని ఏకవచనంగా మార్చింది పర్షియన్. ఇరాన్‌లో అర్బాబ్ అంటే భూస్వామి. 1960ల భూసంస్కరణల దాకా అక్కడి పల్లెల్లో సాగిన దొర–రైతు సంబంధాన్ని ‘అర్బాబ్–రయ్యతీ’ పద్ధతి అనేవారు. జొరాస్ట్రియన్ వ్యాపార ప్రముఖులకు అది గౌరవ బిరుదు. టెహ్రాన్ వర్తకుడు జంషీద్ జంషీదియాన్‌ను అర్బాబ్ జంషీద్ అనే పిలిచేవారు. పెషావర్ ప్రాంతపు పష్తూన్ పెద్ద కుటుంబాలకు, సింధ్‌లో కొన్ని వంశాలకు అర్బాబ్ ఇంటిపేరులాంటిది. 2004 నుంచి 2007 దాకా సింధ్ ముఖ్యమంత్రిగా ఉన్న అర్బాబ్ గులాం రహీం పేరు అందుకు ఉదాహరణ.

దక్కనుకూ ఈ మాట కొత్తది కాదు. నర్తకులు, గాయకుల వ్యవహారాలు చూసేందుకు నిజాం ప్రభుత్వంలో ఉన్న శాఖ పేరు ‘అర్బాబ్-ఎ-నిషాత్’. అక్కడ దానికి యజమాని అనే అర్థం లేదు. ఆనందాన్ని పంచే వృత్తివారు అని భావం. ఆ ప్రయోగం ఉర్దూ దఫ్తరుల్లోనే నిలిచిపోయి, తెలుగు వాడుకలోకి దిగలేదు.

ఒమన్‌కు ఈ మాటతో ఉన్న సంబంధం అర్థం కావాలంటే సముద్రానికి అవతలి ఒడ్డున ఉన్న మక్రాన్ తీరాన్ని చూడాలి. 18వ శతాబ్దం చివర కలాత్ ఖాన్ నుంచి ఒమన్ రాజవంశానికి దక్కిన గ్వాదర్ రేవు 1958 సెప్టెంబరు దాకా ఒమన్ సుల్తానుల ఏలుబడిలోనే ఉంది. ఆ ఏడాది దాన్ని 30 లక్షల పౌండ్లకు పాకిస్తాన్‌కు అమ్మారు. అంతకుముందూ ఆ తరువాతా బలూచీలు సుల్తాను సైన్యంలో చేరుతూ వచ్చారు. మస్కట్‌లోను, బాతినా తీరంలోను స్థిరపడిన బలూచీ కుటుంబాల వారి పేర్ల చివర ‘అల్ బలూషీ’ అని కనిపిస్తుంది. మస్కట్ బజారులో బలూచీ, పర్షియన్, కచ్ఛీ, ఉర్దూ మాటలు అరబ్బీతో కలిసి వినిపించడం చమురు కంటే పాత సంగతి. కార్మికుల అర్బాబ్ అరబ్బీ వ్యాకరణాన్ని కాక పర్షియన్, ఉర్దూల ఏకవచన ప్రయోగాన్నే పాటిస్తుంది కాబట్టి, అది ఒమన్ నోటికి ఈ తూర్పు దారినే చేరిందనుకోవడానికి ఆధారం ఉంది. అరబ్బీ మాట పర్షియా చుట్టి అరబ్బుల దేశానికే తిరిగి వచ్చింది.

ఒమన్‌లో అధికారపు పేర్లు

ఒమన్‌లో అధికారానికి సొంత పేర్లు చాలా ఉన్నాయి. ఇస్లాంలోని ఇబాదీ శాఖ సంప్రదాయంలో సమాజం ఎన్నుకునే మతపెద్ద ఇమాం. అల్ బూ సయీద్ రాజవంశీకులకు సయ్యిద్ బిరుదు. తీరం సుల్తానుది, లోపలి పర్వత ప్రాంతం ఇమాంది అన్నట్టు సాగిన రోజుల్లో 1920లో ఇరుపక్షాల మధ్య సీబ్ ఒప్పందం కుదిరింది. తెగ పెద్ద షేక్; కొన్ని పెద్ద తెగల మీద ఉండే మహానాయకుడు తమీమా. విలాయత్ అనే పాలనా విభాగానికి అధికారి వాలీ. 1970 జులై 23న కాబూస్ తన తండ్రి సయీద్ బిన్ తైమూర్‌ను గద్దె దింపి సుల్తాన్ అయ్యాక, ‘మస్కట్ అండ్ ఒమన్’ అన్న దేశం పేరు ‘సుల్తనేట్ ఆఫ్ ఒమన్’గా మారింది. బానిసత్వం రద్దయిందీ ఆ ఏడాదే.

ఈ పేర్లన్నీ పుట్టుక వల్లనో, ఎన్నిక వల్లనో, నియామకం వల్లనో వచ్చేవి. అర్బాబ్ వీటిలో చేరదు. చిన్న కిరాణా కొట్టు లైసెన్సు ఉన్న మామూలు ఒమనీ కూడా ఒక విదేశీయుడికి వీసా తీస్తే ఆ విదేశీయుడికి అర్బాబే. సాటి ఒమనీల మధ్య ఏ హోదా లేనివాడికీ ఒక పరాయి మనిషి జీవితం మీద పట్టు దొరకడం చమురు కాలపు వింత.

చమురు, వీసా, కఫీల్

ఒమన్‌లో 1962లో యిబాల్ దగ్గర వాణిజ్య స్థాయిలో చమురు దొరికింది. 1967లో ఎగుమతి మొదలైంది. 1970 తరువాత రోడ్లు, ఆసుపత్రులు, బడులు, ఓడరేవులు కట్టడానికి చేతులు చాలక భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌ల నుంచి మనుషుల్ని రప్పించారు. 1973లో మొదటి కార్మిక చట్టం వచ్చింది. విదేశీయుల నివాసాన్ని నియంత్రించే చట్టం 1995లో రాజశాసనం 16/95గా వెలువడింది.

ఈ వలసకు పునాది కఫాలా పద్ధతి. ఇస్లాం న్యాయశాస్త్రంలో కఫాలా అంటే పూచీ: అప్పుకో, మనిషి హాజరుకో, అనాథ పోషణకో ఒకరు హామీగా నిలబడటం. విదేశీ కార్మికుడికి స్థానిక పూచీదారు ఉండాలన్న ఆధునిక నియమం మాత్రం వేరే సందర్భంలో పుట్టింది. 20వ శతాబ్దం తొలి సగంలో గల్ఫ్‌ను కనిపెట్టుకుని ఉన్న బ్రిటిష్ అధికారులు ముత్యాల పడవల కార్మికులను, వలస వచ్చినవారిని అదుపులో ఉంచేందుకు దాన్ని రూపొందించారని బహ్రెయినీ పరిశోధకుడు ఒమర్ అల్ షెహాబీ 2019లో ప్రచురించిన అధ్యయనంలో వాదించారు.

పూచీదారు చేతికి నాలుగు తాళంచెవులు వచ్చాయి: దేశంలోకి రావడం, అక్కడ ఉండటం, ఒక చోట పని వదిలి మరో చోట చేరడం, తిరిగి వెళ్లడం. జీతం, వసతి, తిండి దానికి అదనం. కాగితం మీద ఇతని పేరు కఫీల్. ఈ అధికారాలన్నీ ఒకే మనిషిగా ఎదురుగా వచ్చి నిలబడ్డప్పుడు కార్మికుడి నోటి నుంచి వచ్చిన మాట అర్బాబ్. పెద్ద కంపెనీలో కఫీల్ అంటే సంస్థ; అక్కడి కార్మికుడికి రోజూ కనిపించేది ఫోర్‌మన్, క్యాంప్ బాస్, ప్రభుత్వ కార్యాలయాల పనులు చూసే మందూబ్. అందుకే చమురు కంపెనీల శిబిరాల కంటే చిన్న దుకాణాల్లో, తోటల్లో, ఇళ్లలో అర్బాబ్ మాట ఎక్కువగా వినిపిస్తుంది.

పేరుకు మాత్రమే అర్బాబ్ అయినవారూ ఉంటారు. తన పేరున వాణిజ్య రిజిస్ట్రేషన్ తీసి, దుకాణాన్ని విదేశీయుడికి వదిలేసి, నెలకో ఏడాదికో ఇంత అని పుచ్చుకోవడం గల్ఫ్ అంతటా ఉన్న అలవాటు. దీన్ని అరబ్బీలో తసత్తుర్ అంటారు, అంటే చాటు వ్యాపారం. ఇలాంటి వ్యక్తి ఇచ్చే వీసాయే మనవాళ్లు ‘ఆజాద్ వీసా’ లేదా ‘ఫ్రీ వీసా’ అని చెప్పుకునేది. ఎక్కడైనా పని వెతుక్కోవచ్చన్న మాటే కాని, చట్టం దృష్టిలో అది స్వేచ్ఛ కాదు. పేరున్న చోట కాక మరోచోట పనిచేస్తూ పట్టుబడితే శిక్ష కార్మికుడికే.

కార్మికుల అరబ్బీ

అర్బాబ్ బతికే భాష ఒమనీ అరబ్బీ కాదు, గల్ఫ్ పిడ్జిన్ అరబ్బీ. మాతృభాషలు వేరైన కార్మికులు, స్థానికులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి పుట్టిన సంకర భాష ఇది. క్రియలకు లింగ, వచన, పురుష భేదాలు దాదాపు ఉండవు. ఉంది అనడానికి ‘ఫీ’, లేదు అనడానికి ‘మాఫీ’ చాలు. ‘అర్బాబ్ మాఫీ’ అంటే యజమాని లేడు. ‘ఫులూస్ మాఫీ’ అంటే డబ్బు లేదు. నేరుగా వెళ్లడానికి వాడే ‘సీదా’ హిందీ నుంచి వచ్చింది.

ఈ భాషను జె. ఆర్. స్మార్ట్ 1990లో తొలిసారి పండితుల దృష్టికి తెచ్చారు. ఆ తరువాత ఓస్లో విశ్వవిద్యాలయానికి 2008లో సమర్పించిన పరిశోధనలో ఉన్ గీడా నేస్ ఒమన్ సరిహద్దు పట్టణం బురైమీలోని ఆసియా కార్మికుల మాటలను పరిశీలించారు. యజమానులు కూడా కార్మికుడితో ఇదే భాషలో మాట్లాడటం విశేషం. కార్మికుడు యజమానిని ‘అర్బాబ్’ అంటే, యజమాని అతన్ని ‘రఫీఖ్’ అనో ‘సదీఖ్’ అనో పిలుస్తాడు. రెండింటి అర్థం స్నేహితుడనే. పిలుపులో స్నేహమున్నా హోదాలో సమానత్వం లేదు.

తెలుగువారి వాడుకలో

తెలుగు పల్లెల్లో ఒమన్ అన్న పేరు కంటే మస్కట్ అన్న పేరే ఎక్కువ వినిపిస్తుంది. దేశంలో ఏ మూల పనిచేసినా ‘మస్కట్ పోయిండు’, ‘మస్కట్ వెళ్లింది’ అంటారు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపుల నుంచి మగవారు ఎక్కువగా నిర్మాణం, డ్రైవింగ్, తోట పనులకు వెళ్లారు. గోదావరి జిల్లాల నుంచి మహిళలు ఇంటి పనికి వెళ్లారు.

యజమానిని సూచించే పరాయి మాటలు తెలుగులో ఎన్నో తరాల కిందటే స్థిరపడ్డాయి. కోస్తా రైతుకూలీ నోట వినబడే ‘కామందు’ పర్షియన్ ‘ఖావంద్’ నుంచి వచ్చింది. ‘మోతుబరి’ అరబ్బీ ‘ముతబర్’ రూపం. ‘ఆసామి’ కూడా ఉర్దూ దఫ్తరు మాటే. ఇక తెలంగాణలో దొర ఉండనే ఉన్నాడు. ఇంటి దగ్గర కామందును, దొరను చూసినవారికి అర్బాబ్ అధికారం పూర్తిగా కొత్తదేమీ కాదు. కొత్తదల్లా పారిపోవడానికి పక్క ఊరు లేకపోవడం.

మగవారి లోకపు మాట అర్బాబ్. ఇంటి పనిచేసే మహిళలకు యజమాని ‘బాబా’, ఇల్లాలు ‘మామా’ లేదా ‘మేడమ్’. ఇంటి పనిమనిషిని అరబ్బీలో ‘ఖద్దామా’ అంటారు. తెలుగు ఏజెంట్ల నోట అది ‘ఖద్దామా వీసా’. తండ్రి, తల్లి వరసలతో పిలవడం వల్ల పని గంటలు తగ్గవు. ఇంటి మనిషన్న పేరు మీద పనివేళకూ విశ్రాంతికీ మధ్య గీత చెరిగిపోవడం ఈ వృత్తిలోని ప్రధాన సమస్య. భారత ప్రభుత్వం పది చదవనివారి పాస్‌పోర్టుకు వలస అనుమతి తప్పనిసరి చేసింది. ఇంటి పనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలన్నది ఆ నిబంధనల్లో ఒకటి. అయినా విజిట్ వీసా మీద పంపే సబ్ ఏజెంట్ల దారి ఆ నిబంధనను తప్పిస్తూనే ఉంది.

అర్బాబ్‌కు వ్యతిరేకంగా నిలిచే మాట ‘ఖల్లీ వల్లీ’. వదిలెయ్, పోనీ అని దాని భావం. యజమానిని విడిచి బయటపడి, కాగితాలు లేకుండా పనిచేసుకునేవారిని గల్ఫ్ తెలుగువారు ‘ఖల్లివల్లి’ కార్మికులంటారు. అలాంటివారు జరిమానా లేకుండా ఇంటికి వెళ్లేందుకు ఒమన్ అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తుంది. 2015లోను, కరోనా కాలంలో 2020 నవంబరు నుంచీ అలాంటి అవకాశం ఇచ్చింది.

చట్టం తీసేసుకున్న తాళంచెవులు

2003 నాటి కార్మిక చట్టం, రాజశాసనం 35/2003, పని గంటలు, సెలవులు, ఫిర్యాదు పద్ధతి నిర్ణయించింది. యజమానులు కార్మికుల పాస్‌పోర్టులు దాచుకోకూడదని 2006లో మంత్రిత్వ శాఖ సర్క్యులర్ ఇచ్చింది. అదే ఏడాది కార్మిక సంఘాలకు చట్టబద్ధత వచ్చింది. మానవ అక్రమ రవాణా నిరోధక శాసనం 2008లో వచ్చింది.

మార్పు ఒకే దిక్కుకు సాగలేదు. పని మానేసిన విదేశీయుడు పాత యజమాని ఇచ్చే నిరభ్యంతర పత్రం లేకుండా రెండేళ్ల దాకా తిరిగి ఒమన్‌లో పనికి చేరకూడదన్న నిబంధనను 2014 జులైలో గట్టిగా అమలులోకి తెచ్చారు. ‘ఎన్‌వోసీ’ అన్న మూడక్షరాలు కార్మికుల బేరసారాల్లో డబ్బంత విలువైనవి అయ్యాయి. 2020 జూన్‌లో ఆ నిబంధనను ఎత్తివేస్తున్నట్టు ప్రకటించారు. 2021 జనవరి 1 నుంచి ఒప్పంద కాలం ముగిసినా రద్దయినా కార్మికుడు పాత యజమాని అనుమతి లేకుండా కొత్త యజమాని దగ్గర చేరవచ్చు. ఒప్పందం మధ్యలో మారాలంటే మాత్రం పాత పట్టు మిగిలే ఉంది.

వ్యాపారుల వైపు నుంచి కూడా అర్బాబ్ అవసరం తగ్గింది. రాజశాసనం 50/2019గా వచ్చిన విదేశీ పెట్టుబడి చట్టం 2020 ఆరంభం నుంచి చాలా రంగాల్లో స్థానిక భాగస్వామి లేకుండానే నూటికి నూరు పాళ్లు విదేశీ యాజమాన్యానికి వీలు కల్పించింది. 2023 జులైలో సుల్తాన్ హైతం జారీ చేసిన కొత్త కార్మిక చట్టం, రాజశాసనం 53/2023, పని వేళను రోజుకు 8 గంటలు, వారానికి 40 గంటలకు దించింది. జీతం బ్యాంకు ద్వారా ఇవ్వాలన్న నియమం వల్ల ఇచ్చాడా లేదా అన్నది యజమాని నోటి మాట కాకుండా, ప్రభుత్వానికి కనిపించే లెక్క అయింది.

ఈ రక్షణలు అందరికీ సమానంగా అందలేదు. 2003 చట్టం ఇంటి పనివాళ్లను తన పరిధిలోకి తీసుకోలేదు. వారి కోసం 2004లో మంత్రిత్వ శాఖ 189 నంబరు నిర్ణయాన్ని వేరుగా ఇచ్చింది. అందులో పని గంటలకు స్పష్టమైన హద్దు ఉండేది కాదు. ఒమన్‌లోని ఇంటి పనివాళ్ల స్థితి మీద హ్యూమన్ రైట్స్ వాచ్ 2016 జులైలో విడుదల చేసిన నివేదిక పాస్‌పోర్టులు లాక్కోవడం, జీతం ఎగ్గొట్టడం, విశ్రాంతి లేకుండా పనిచేయించడం వంటి ఫిర్యాదులను వివరంగా నమోదు చేసింది.

‘బాస్’తో పోలిక

ఇంగ్లీషు ‘బాస్’ చరిత్ర అర్బాబ్‌కు తిరగేసినట్టుంటుంది. అది డచ్చి ‘బాస్’ నుంచి, ఒకప్పుడు డచ్చివారి వలసగా ఉన్న న్యూయార్క్ ప్రాంతం మీదుగా అమెరికన్ ఇంగ్లీషులోకి వచ్చింది. బానిసలు తమ యజమానిని ‘మాస్టర్’ అనే దేశంలో స్వతంత్ర కూలీలు ఆ మాట నోట పలకడానికి ఇష్టపడక, అదే అర్థం ఉన్న పరాయి మాటను పట్టుకున్నారు. పేరు మారినంత మాత్రాన సంబంధం మారదని నవలాకారుడు జేమ్స్ ఫెనిమోర్ కూపర్ 1838లో ఈ అలవాటును ఆక్షేపించాడు. అమెరికా కూలీ ప్రభువన్న భావం తప్పించుకోవడానికి పరాయి మాట తెచ్చుకుంటే, గల్ఫ్ కూలీ నోట పడిన పరాయి మాటలో సాక్షాత్తు ప్రభువనే అర్థమే దాగి ఉంది.

సాహిత్యం, సినిమా

గల్ఫ్ బయట ఈ మాటకు ప్రచారం తెచ్చింది మలయాళ రచయిత బెన్యామిన్ 2008లో ప్రచురించిన ‘ఆడుజీవితం’ నవల. సౌదీ ఎడారిలో మేకల మందల మధ్య చిక్కుకున్న కేరళ యువకుడి కథలో యజమానికి వేరే పేరు అక్కర్లేకపోయింది, అర్బాబ్ అంటే చాలు. బ్లెస్సీ దర్శకత్వంలో పృథ్వీరాజ్ నటించిన దీని చలనచిత్ర రూపం 2024 మార్చి 28న తెలుగు అనువాదంతో సహా విడుదలైంది. గల్ఫ్ ముఖం చూడని తెలుగు ప్రేక్షకులకూ ఆ మాట అలా చేరింది. కథ సౌదీదైనా అందులో యజమాని పాత్ర వేసిన తాలిబ్ అల్ బలూషీ ఒమనీ నటుడు.

నేటి వాడుక

2020 జనగణన ప్రకారం ఒమన్‌లో ఉన్న సుమారు 44.7 లక్షల మందిలో 39 శాతం విదేశీయులు. నేటి మస్కట్‌లో అర్బాబ్ మాటకు రెండు బతుకులు ఉన్నాయి. రువీ, ఘుబ్రా వీధుల్లోని దుకాణదారుడు, టైలరు, కారు కడిగేవాడు తెల్లటి దిష్‌దాషా, కుమ్మా టోపీ ధరించి వచ్చిన ఏ ఒమనీనైనా అర్బాబ్ అని పలకరిస్తారు. ఆ వచ్చినవాడు వాళ్లకు వీసా ఇచ్చినవాడూ కాదు, పని చెప్పేవాడూ కాదు. మన దుకాణాల్లో ‘సార్’ లాంటిదే ఈ పలకరింపు.

లోపలి తోటల్లో, పశువుల దొడ్లలో, ఇళ్లలో దానికి పాత అర్థమే ఉంది. అక్కడ వసతి, తిండి, జీతం, వీసా ఇప్పటికీ ఒకే చేతి మీదుగా వస్తాయి. తనిఖీ అధికారి అరుదుగా వస్తాడు, ఫిర్యాదు కేంద్రం దూరం. చట్టం ఒక్కో తాళంచెవినీ తీసుకుంటున్న కొద్దీ పట్టణంలో ఈ మాట పలకరింపుగా పలచబడుతోంది. అందుకే ఒమన్‌లో ఒకచోట పని పరిస్థితి ఎలా ఉందో తెలియాలంటే అక్కడివారు యజమానిని ఏమని పిలుస్తున్నారో వింటే సరిపోదు. వీసా, జీతం, గది ఎందరి చేతుల్లో ఉన్నాయో అడగాలి.